అంగిలి ఆపరేషన్ ఆరో నెలలోనా, ఏడాది నిండాకా?

పాఠకుల ప్రశ్నలు, వైద్య బృందం జవాబులు

గ్రహణం మొర్రి, అంగిలి చీలికల గురించి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒక్కో దవాఖానలో ఒక్కో మాట చెబుతున్నారని కొందరు, విదేశీ పరిశోధనకు బిడ్డ రక్తం అడుగుతున్నారని కొందరు రాశారు. ప్లాస్టిక్ సర్జన్, జన్యు వైద్యులు, స్పీచ్ థెరపిస్టు కలిసి ఇచ్చిన జవాబులివి.

ప్రశ్న: మా పాపకు పెదవి బాగానే ఉంది. అంగిలి వెనక సగం చీలి ఉంది. ఇప్పుడు నాలుగో నెల. హైదరాబాద్‌లో ఒక దవాఖానలో ఆరు నెలలకే చేద్దామన్నరు. ఇంకోచోట ఏడాది నిండాలన్నరు. ఎవరి మాట వినాలె?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: ఇద్దరూ మీకు తప్పు చెప్పలేదమ్మా. ఈ విషయంలో సర్జన్ల మధ్య దశాబ్దాల తరబడి ఏకాభిప్రాయం లేదు. 1990ల చివర్లో యూరప్ అంతటా ఆరా తీస్తే, ఒకవైపు పెదవీ అంగిలీ చీలిన పిల్లలకు 201 బృందాలు కలిసి 194 రకాల పద్ధతుల్లో చికిత్స చేస్తున్నాయని తేలింది. ఎవరికి వారు తమ గురువు నేర్పిన దారిలో వెళ్లారు.

ఇది తేలకపోవడానికి అసలు కారణం పిల్లల సంఖ్య చాలకపోవడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక అధ్యయనం ప్రకారం వెయ్యి కాన్పులకు సుమారు ఒక బిడ్డ (1.09) చీలికతో పుడుతోంది. ఒక జిల్లాలో ఏడాదికి ఇరవై వేల కాన్పులైతే ఇరవై ఇద్దరు. వాళ్లలో మీ పాపలా అంగిలి ఒక్కటే చీలినవాళ్లు ఇంకా తక్కువ. వాళ్లను రెండు జట్లు చేసి, కొందరికి ఆరో నెలలో, కొందరికి పన్నెండో నెలలో ఆపరేషన్ చేసి, ఐదేళ్లు వచ్చేదాకా ఆగి మాట ఎలా వచ్చిందో చూడాలి. ఒక్క దవాఖాన చేస్తే అది ఒక తరం పట్టే పని.

అందుకే బ్రెజిల్, డెన్మార్క్, నార్వే, స్వీడన్, బ్రిటన్ దేశాల్లోని 23 కేంద్రాలు కలిశాయి. ఆ అధ్యయనం పేరు టాప్స్. అంగిలి మాత్రమే చీలిన 558 మంది పసిపిల్లల్ని చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. సర్జన్లందరూ ఒకే పద్ధతిలో కుట్లు వేశారు. పిల్లలకు ఐదేళ్లు వచ్చాక మాటలు రికార్డు చేశారు. ఏ బిడ్డ ఏ జట్టులో ఉందో తెలియని థెరపిస్టులు వాటిని విని గుర్తులు వేశారు. ఫలితాలు 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. ఆరో నెలలో చేసిన జట్టులో 235 మందిలో 21 మందికి, అంటే నూటికి 8.9 మందికి, మాట్లాడేటప్పుడు అంగిలి సరిగా మూసుకోవడం లేదు. పన్నెండో నెలలో చేసిన జట్టులో 226 మందిలో 34 మందికి, అంటే నూటికి 15 మందికి, అలా జరిగింది.

తేడా ఎందుకొచ్చిందో చూడండి. ఆరు నుంచి పది నెలల మధ్య పిల్లలు బబ్బబ్బ, దద్దద్ద అంటూ శబ్దాలు మొదలుపెడతారు. ప, బ, త, ద, క పలకాలంటే నోట్లో గాలి బిగబట్టాలి. అంగిలికి కంత ఉంటే ఆ గాలి ముక్కులోంచి జారిపోతుంది. అప్పుడు బిడ్డ ఆ శబ్దాన్ని గొంతులో నొక్కి పలకడం నేర్చుకుంటుంది. ఒకసారి అలవాటైతే, తర్వాత కంత మూసినా ఆ అలవాటు దానంతటది పోదు.

ఇక మీ పాప సంగతి. ఆ అధ్యయనంలో చేరినవాళ్లు వేరే లోపాలేవీ లేని, ఆరో నెలలో మత్తు తట్టుకోగల పిల్లలు. మన దగ్గర ఆ వయసుకు బరువు తక్కువ, రక్తం తక్కువ ఉన్న పిల్లలు ఎంతోమంది. ఆపరేషన్‌కు ముందు నాలుగు సంగతులు అడగండి. హీమోగ్లోబిన్ కనీసం 10 ఉందా? బరువు వయసుకు తగినట్టు పెరుగుతోందా? రెండు మూడు వారాలుగా జలుబు, దగ్గు లేకుండా ఉందా? అక్కడ పసిపిల్లలకు మత్తిచ్చే డాక్టరు, ఆ రాత్రంతా ఊపిరిని కనిపెట్టి చూసే ఏర్పాటు ఉన్నాయా? నాలుగింటికీ అవునంటే ఆరు నెలలకు చేయించడం మా దృష్టిలో మంచి నిర్ణయం. ఒక్కటి కాదన్నా, బరువూ రక్తమూ పెంచుకుని తొమ్మిది నుంచి పన్నెండు నెలల్లోపు చేయించండి. కింది దవడ బాగా చిన్నగా ఉండి, వెల్లకిలా పడుకోబెడితే గురక, ఆయాసం వచ్చే పిల్లల లెక్క వేరు. వాళ్ల విషయంలో ఊపిరి దారి మొదట, అంగిలి తర్వాత.

పెదవి కూడా చీలిన బిడ్డకు ఈ ఫలితాన్ని యథాతథంగా అన్వయించకూడదు. అలాంటి పిల్లల మీద స్కాండినేవియా దేశాలు, బ్రిటన్ కలిసి 1997 నుంచి మరో అధ్యయనం నడిపాయి. గట్టి అంగిలిని (ముందువైపు ఎముక ఉండే భాగాన్ని) మూడేళ్ల దాకా మూయకుండా ఆపిన పిల్లలు ఐదేళ్ల వయసులో హల్లులు పలకడంలో వెనకబడ్డారని అందులో కనిపించింది. పెదవికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలల మధ్య చేస్తారు.

ప్రశ్న: మా తండాలో అంగిలి చీలిన బాబు పుట్టి ఇరవై రోజులైంది. తల్లి పాలు పట్టలేకపోతున్నడు. గంటసేపు తాగించినా బరువు పెరగట్లేదు. ఆశా కార్యకర్తగా నేనేం చెప్పాలి?
– ఆశా కార్యకర్త, అచ్చంపేట మండలం

జవాబు: ఆ గంటలోనే ఉంది చిక్కు. అంగిలి చీలిన బిడ్డ నోట్లో గాలి బిగుసుకోదు కాబట్టి చప్పరించినా పాలు రావు. గంటసేపు ప్రయాసపడితే తాగిన పాల బలం ఆ ప్రయాసకే ఖర్చవుతుంది. ఒక్కో విడత అరగంట దాటనివ్వకండి.

తల్లి చేత చేత్తో పాలు పిండించి, ఉడికించిన స్టీలు గిన్నెలోకి పట్టించండి. ఇరవై రోజుల బిడ్డకు కిలోకు రోజుకు సుమారు 150 మిల్లీలీటర్లు కావాలి. బాబు మూడు కిలోలుంటే రోజుకు 450, ఎనిమిది విడతలుగా ఒక్కోసారి 55 నుంచి 60. బిడ్డను కనీసం సగం కూర్చోబెట్టినట్టు, తల ఎత్తుగా పట్టుకోవాలి. ఉగ్గుగిన్నె మూతిని కింది పెదవి మీద ఆనించి, చెంప లోపలి వైపు కొద్దికొద్దిగా వంచాలి. మింగాకే మళ్లీ వంచాలి. నొక్కితే పాలొచ్చే మెత్తటి సీసా దొరికితే అదీ మంచిదే, బిడ్డ దవడ ఆడించినప్పుడు మాత్రమే నొక్కాలి. ఈ పిల్లలు గాలి ఎక్కువ మింగుతారు కనుక మధ్యలో రెండు మూడుసార్లు భుజాన వేసుకుని త్రేన్పించాలి. ముక్కులోంచి పాలు కాస్త వస్తే భయం లేదు. ఒక్క క్షణం ఆగి, తుడిచి, మళ్లీ పట్టవచ్చు. పడుకోబెట్టి పట్టడం మాత్రం మాన్పించండి. పాలు ఊపిరితిత్తుల్లోకి, చెవి వైపుకు పోతాయి.

వారానికోసారి ఒకే తూకంలో, బట్టలు లేకుండా తూచండి. వారానికి 150 నుంచి 200 గ్రాములు పెరగాలి. రెండు వారాలు వరసగా వంద గ్రాములు కూడా పెరగకపోతే, పెదవులు నీలంగా మారితే, పాలు పడుతుంటే డొక్కలు ఎగరేస్తే ఆలస్యం చేయకుండా జిల్లా దవాఖానకు పంపండి. పుట్టుకతో వచ్చే లోపాలను గుర్తించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో పెదవి, అంగిలి చీలికలున్నాయి. పీహెచ్‌సీ డాక్టరుతో ఆ బృందానికి రెఫర్ చేయించండి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉంది. స్మైల్ ట్రెయిన్ సంస్థతో కలిసి పనిచేసే ఆసుపత్రుల్లోనూ ఉచితం. వినికిడి పరీక్ష మరవకండి. అంగిలి చీలిన పిల్లల్లో చాలామందికి కర్ణభేరి వెనక నీరు చేరుతుంది.

ప్రశ్న: మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మనవడికి మొర్రి రావడానికి అదే కారణమా? కోడలు గ్రహణం నాడు కత్తిపీట ముట్టిందని ఇంట్లో గొడవ కూడా అవుతున్నది.
– మర్రిగూడ మండలం నుంచి ఒక తాత

జవాబు: ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ పాడు చేస్తుంది, ఆ బాధ మీ ప్రాంతానికి కొత్తగా చెప్పక్కర్లేదు. మొర్రికి అది కారణమని మాత్రం రుజువు కాలేదు. పై పెదవి గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య అతుక్కుంటుంది. అంగిలి పన్నెండో వారంకల్లా పూర్తవుతుంది. ఆ తర్వాత నెలల్లో వచ్చిన గ్రహణానికీ కత్తిపీటకూ దీంతో పని లేదు, ముందొచ్చిన వాటికీ లేదు. కోడలి తప్పు ఇందులో ఏమీ లేదు. దయచేసి ఈ మాట ఇంట్లో అందరి ముందూ మీరే చెప్పండి.

ప్రశ్న: మాది మేనరికం. మొదటి బాబుకు పెదవి, అంగిలి రెండూ చీలాయి. రెండో బిడ్డకూ వస్తుందా? ముందే ఏమైనా చేయవచ్చా?
– వనపర్తి నుంచి ఒక జంట

జవాబు: తల్లిదండ్రులిద్దరికీ చీలిక లేకుండా ఒక బిడ్డకు వస్తే, తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి ఐదు. మేనరికంలో ఇది కొంత పెరగవచ్చు. ఎంత అన్నది కుటుంబ వృక్షం గీసి చూస్తేనే తెలుస్తుంది. హైదరాబాద్ బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యు వ్యాధుల ఆసుపత్రి ఉంది, నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది. వెళ్లేటప్పుడు రెండు వైపులా మూడు తరాల వివరాలు రాసుకెళ్లండి. పుట్టి చనిపోయిన పిల్లలను, గర్భస్రావాలను వదలకండి.

వెళ్లేముందు ఇంట్లోనే ఒక పని చేయండి. బాబుది, మీ ఇద్దరిది, తాత అవ్వలది కింది పెదవి వెలుతురులో చూడండి. మధ్య గీతకు అటూ ఇటూ సూది గుచ్చినట్టు చిన్న గుంటలున్నాయా? కొందరిలో వాటి నుంచి తడి కూడా ఊరుతుంది. ఉంటే అది వాన్ డర్ వూడ్ సిండ్రోమ్ (పెదవి గుంటలూ చీలికలూ వంశపారంపర్యంగా వచ్చే లోపం) కావచ్చు. అప్పుడు లెక్క నూటికి నాలుగు నుంచి ఏకంగా యాభైకి మారుతుంది, ఎందుకంటే ఆ జన్యువు తల్లి లేదా తండ్రి నుంచి సగం అవకాశంతో దిగుతుంది. గుంటలు మాత్రమే ఉన్న తండ్రికి చీలిక ఉన్న బిడ్డ పుట్టవచ్చు. దీనికి కారణమైన ఐఆర్ఎఫ్6 జన్యువును 2002లో కనుగొన్నారు. ఒకే రూపు కవలల్లో ఒకరికి ఈ లోపం ఉండి ఇంకొకరికి లేని జంట దొరకడం ఆ పరిశోధనకు దారి చూపింది.

ఇక మందులు. గర్భం కోసం ప్రయత్నించే ముందు కనీసం ఒక నెల నుంచి పన్నెండో వారం దాకా రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. వెన్నుపాము లోపాల విషయంలో దీని మేలు 1991లో ఏడు దేశాల్లో కలిసి చేసిన అధ్యయనంలో రుజువైంది. చీలికల విషయంలో అంత గట్టి రుజువు లేదు. బ్రెజిల్‌లో పది రెట్ల మోతాదు ఇచ్చి చూసినా, చీలిక మళ్లీ రావడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కనుక మెడికల్ షాపులో అడగగానే ఇచ్చే 5 మిల్లీగ్రాముల మాత్ర సొంతంగా వేసుకోవద్దు. మూర్ఛకు వాల్‌ప్రోయేట్, టోపిరమేట్, ఫెనిటాయిన్ వాడుతుంటే గర్భం రాకముందే డాక్టరును కలవండి. మానేయడం ప్రాణాపాయం, మార్పించుకోవడం సాధ్యం. బీడీ, చుట్ట పొగ ఇంట్లో ఉండకూడదు.

ప్రశ్న: ఆపరేషన్ చేసిన దవాఖానవాళ్లు నాది, నా భార్యది, పాపది రక్తం అడుగుతున్నరు. జన్యువుల పరిశోధన, విదేశాల వాళ్లు కూడా ఉన్నరంట. ఇస్తే మాకేమొస్తది? మోసమా?
– నారాయణపేట నుంచి ఒక తండ్రి

జవాబు: ముగ్గురిదీ అడగడం సరైన పద్ధతే. బిడ్డలో ఒక మార్పు కనిపిస్తే అది మీ నుంచి వచ్చిందా, బిడ్డలోనే కొత్తగా పుట్టిందా అన్నది మీ ఇద్దరి నమూనాలు లేకుండా తేలదు. తండ్రి వలస పోయి నమూనా దొరకక సగంలో ఆగిన కుటుంబాలు ప్రతి అధ్యయనంలో ఉంటాయి. ఊదా మూత గొట్టంలో కొద్ది మిల్లీలీటర్ల రక్తం, లేదంటే లాలాజలం తీసుకుంటారు. లాలాజలమైతే అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. పాన్, గుట్కా అసలే వద్దు. గొట్టం మీద పేరో నంబరో మీ ముందే అంటించమనండి.

మీకు నేరుగా లాభం రాకపోవచ్చు. ఆ మాట వాళ్లే ముందుగా చెప్పాలి. ఇప్పటిదాకా ప్రపంచంలో పోగైన జన్యు సమాచారంలో యూరప్ మూలాలవాళ్లది పెద్ద వాటా. మన కుటుంబాలు లేకపోతే మన పిల్లల రిపోర్టులో ‘ఈ మార్పు అర్థం తెలియదు’ అని రాసే సందర్భాలు తగ్గవు. మీరిస్తే ముందుముందు మేలు జరుగుతుందని మేం నమ్ముతున్నాం. అయితే కళ్లు మూసుకుని సంతకం చేయమని చెప్పం.

తెలుగులో రాసిన సమ్మతి పత్రం ఇంటికి తీసుకెళ్లి చదువుకునే వ్యవధి అడగండి. చదువు రానివాళ్లయితే దవాఖానకు సంబంధం లేని ఒక సాక్షి పక్కనుండి వినాలి, వేలిముద్ర పక్కన సాక్షి సంతకం ఉండాలి. ఒక ప్రతి మీ చేతికి రావాలి. పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే నైతిక కమిటీ ఆమోదం ఉందా? విదేశీ భాగస్వాములుంటే, భారత వైద్య పరిశోధన మండలి ద్వారా నడిచే ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి ఉందా? నమూనా దేశం దాటుతుందా, ఎన్నేళ్లు దాస్తారు, ఇంకో పరిశోధనకు వాడాలంటే మళ్లీ అడుగుతారా? మీకు పనికొచ్చే ఫలితం దొరికితే చెబుతారా? ఇవి అడగడం మీ హక్కు. వద్దన్నా, మధ్యలో మానుకున్నా బిడ్డ చికిత్స ఆగకూడదు. ‘సంతకం పెడితేనే ఆపరేషన్’ అని ఎవరైనా అంటే అది నిబంధనలకు విరుద్ధం, నైతిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ఫొటోల సంగతి విడిగా చూడండి. రక్తానికి నంబరు వేస్తే పేరు దాగుతుంది. ముఖానికి దాగుడు లేదు. కళ్ల మీద నల్ల పట్టీ వేసినా మొర్రి ఉన్న బిడ్డను ఊరివాళ్లు గుర్తుపడతారు. చికిత్స రికార్డుకు ఒప్పుకుని, ప్రచురణకు, ప్రచారానికి వద్దనవచ్చు. వేర్వేరు గళ్లు లేకపోతే పెట్టమనండి.

ప్రశ్న: పాపకు ఏడాదిన్నరకు అంగిలి ఆపరేషన్ అయింది. ఇప్పుడు నాలుగేండ్లు. మాట ముక్కులకెళ్లి వస్తది. మేం ఎనిమిది నెలలు పుణెలో పని మీద ఉంటం. చూపెట్టడానికి ఎట్ల?
– కోస్గి మండలం నుంచి ఒక తల్లి

జవాబు: ముందు ఇంట్లో ఒక పరీక్ష. జలుబు లేని రోజు చల్లటి చిన్న అద్దం పాప ముక్కు కింద అడ్డంగా పెట్టి ‘పాప’, ‘బాబు’, ‘తాత’, ‘కాకి’ అనిపించండి. అద్దం మీద ఆవిరి పడకూడదు. ‘మామ’, ‘నాన్న’ అన్నప్పుడు పడుతుంది, అది సహజం. తర్వాత ‘తాతకు టీ తెచ్చి ఇటు పెట్టు’ అనిపించండి. ఇందులో ముక్కుతో పలికే అక్షరం ఒక్కటీ లేదు. అయినా ఆవిరి పడుతుంటే గాలి కారుతున్నట్టే. ఆవిరి లేకుండా, క, త అక్షరాలు గొంతులో నొక్కినట్టు వస్తుంటే అది అలవాటు దోషం. మొదటిదానికి మళ్లీ ఆపరేషన్ కావలసి రావచ్చు, అదీ ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి చూశాక. రెండోదానికి థెరపీయే మందు, కత్తి పనికిరాదు. చాలా పిల్లల్లో రెండూ కలిసే ఉంటాయి. ఈ తేడా చూడకుండా ‘పెద్దయితే అదే పోతుంది’ అని కాలం గడపడం వల్లే బడికెళ్లే వయసులో కష్టం ముదురుతుంది.

పుణె నుంచి చూపించడానికి మాట రికార్డు చేసి పంపవచ్చు. వాట్సాప్ వాయిస్ మెసేజ్ వద్దు. అందులో శబ్దాన్ని కుదించేస్తారు, స, శ లాంటి సన్నని శబ్దాలు, ముక్కు గాలి సరిగా వినబడవు. ఫోన్‌లోని రికార్డర్‌లో వేవ్ ఫైలుగా తీసి, డాక్యుమెంటుగా పంపండి. ఫ్యాను ఆపి, ఫోను మూతికి జానెడు దూరంలో పెట్టండి. ఇంట్లో లంబాడీ భాషో, కన్నడమో మాట్లాడితే ఆ భాషలోనూ చెప్పించండి.

దవాఖాన రికార్డులో మీ నంబరుతో పాటు ఊళ్లోనే ఉండే అవ్వదో, మేనమామదో నంబరు రాయించండి. ఐదేళ్లకు మాట పరీక్ష, ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, చిగుళ్ల గట్టు కూడా చీలి ఉంటే కోరపన్ను దిగకముందే తుంటి ఎముక ముక్కతో దాన్ని పూడ్చడం, ఎదుగుదల ఆగాక అవసరమైతే దవడ సరిచేయడం: ఈ మూడింటికి పండక్కి ఊరొచ్చే రోజుల్లోనే తారీఖు అడగండి. పిల్లలు మళ్లీ కనబడకపోవడం పరిశోధనకూ దెబ్బే. టాప్స్‌లోనే 558 మందిలో ఐదేళ్లకు మాట కొలవగలిగింది 461 మందికి. రాని పిల్లలు బాగుపడి రాలేదో, కష్టంలో ఉండి రాలేదో ఎవరికీ తెలియదు.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో పీజీ చేస్తున్నాను. మా విభాగం అంతర్జాతీయ అధ్యయనంలో చేరాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక యువ వైద్యురాలు

జవాబు: ఒప్పందం కంటే ముందు రికార్డుతో. ఈ అధ్యయనాలన్నీ నిలబడేది ఒకే తీరుగా దాచిన రికార్డుల మీద. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లోపాల మీద దేశాలను కూడగట్టి 2002లో వెలువరించిన నివేదిక నుంచీ ఇదే మాట వింటున్నాం. రేపు వచ్చే మొదటి బిడ్డ నుంచే మొదలుపెట్టండి. చీలిక రకం బొమ్మ గీసి, ముందు నుంచి, రెండు పక్కల నుంచి, గడ్డం కింది నుంచి, నోటి లోపల ఫొటోలు ఒకే నేపథ్యంలో తీయండి. ఐదేళ్లకు పళ్ల అచ్చు, మాట రికార్డు తప్పనిసరి. పై, కింది పళ్ల వరసలు ఎలా కలుస్తున్నాయో ఆ అచ్చు చూసి, ఐదేళ్ల పిల్లల కోసమే ఉన్న సూచీలో ఒకటి నుంచి ఐదు దాకా కొలుస్తారు. కొలిచేవాళ్లు ఆపరేషన్ చేసినవాళ్లు కాకూడదు. ఎనిమిదేళ్లు దాటిన పిల్లల సొంత మాట వినడానికి క్లెఫ్ట్-క్యూ ప్రశ్నావళి ఉంది, దాన్ని పరీక్షించిన 12 దేశాల్లో మనదీ ఒకటి.

భాగస్వామి దొరికాక ప్రోటోకాల్, నైతిక కమిటీ, స్క్రీనింగ్ కమిటీ, నమూనా బదిలీ ఒప్పందం, చికిత్సలు పోల్చే ప్రయోగమైతే మొదటి బిడ్డను చేర్చకముందే సీటీఆర్ఐలో (మన దేశపు చికిత్సా ప్రయోగాల రిజిస్టరులో) నమోదు. వీటికి నెలలు పడుతుంది. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల నోటి మాట అంగీకారం, ఆపై పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల రాతపూర్వక అంగీకారం తల్లిదండ్రుల సమ్మతికి అదనం. ఎక్కువగా చెడేది సమ్మతి పత్రం దగ్గర. ఇంగ్లిషు పత్రాన్ని మాటకు మాట తెలుగు చేస్తే ఏ తల్లికీ అర్థం కాదు. రాశాక ఇద్దరు ముగ్గురు తల్లులకు చదివి వినిపించి, వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించండి. చెప్పలేకపోతే తిరిగి రాయండి.

సంతకాల ముందు బడ్జెట్ పట్టికలో రెండు వరసలు వెతకండి: ఐదేళ్ల దాకా కుటుంబాల బస్సు చార్జీలూ కూలి నష్టమూ ఒకటి, స్పీచ్ థెరపిస్టు జీతం ఇంకొకటి. అవి లేకపోతే పెట్టించండి. సమాచారం మీద హక్కు, వ్యాసంలో మీ పేరు, ఫలితాలు ముందుగా మీ దగ్గరి కుటుంబాలకు తెలుగులో చెప్పడం కూడా ఒప్పందంలోనే రాయించండి, తర్వాత అడిగితే కుదరదు.